లావు తీగ, సన్న నరం: బేస్ గిటార్ పట్టిన చేతుల చరిత్ర

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక వాద్యం గురించీ, దాన్ని వాయించే చేతి గురించీ మాట్లాడుకుందాం. ఆ వాద్యం బేస్ గిటార్. పాటలో అది మోగుతున్నంతసేపూ అదొకటి ఉందని చాలామందికి తెలియదు. ఆపేస్తే మాత్రం పాట బోసిపోతుంది. వాయించేవాడి సంగతీ దాదాపు అంతే. స్టేజీ మీద డ్రమ్స్ పక్కన, లైటు సరిగ్గా పడని చోట నిలబడతాడు. అతని మణికట్టు ఎప్పుడు పాడైందో, ఏ సీజన్ నుంచి కనపడటం మానేశాడో ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ముందు నా సంగతి ఒకటి చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళ్తాను.

మాది హంసలదీవి. కృష్ణా జిల్లా కోడూరు మండలం, దివిసీమకి చిట్టచివర. కృష్ణమ్మ పాయ సముద్రంలో కలిసేది మా ఊరి దగ్గరే. వేణుగోపాలస్వామి గుడి ఉంది. మాఘ పౌర్ణమికి తిరునాళ్ళు. అవనిగడ్డ, నాగాయలంక, చల్లపల్లి, బందరు వైపుల నుంచి జనం తరలివచ్చి సముద్ర స్నానాలు చేస్తారు. 1991 తిరునాళ్ళలో ఒక రాత్రి పాట కచేరీ జరిగింది. అందులో నేను బేస్ వాయించాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు.

రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారుజామున నాలుగింటిదాకా వాయించాం. మధ్యలో ఒక్క టీ. గిటార్ నాది కాదు, ఆర్కెస్ట్రా వాళ్ళది. బరువు నాలుగు కేజీల పైమాటే. దానికి బెల్టు అంటే రెండు వేళ్ళ వెడల్పు నైలాన్ పట్టీ. తీగలు ఎప్పటివో ఎవరికీ తెలియదు. ఫింగర్‌బోర్డు మీద అవి ఎంత ఎత్తున ఉన్నాయంటే, నొక్కాలంటే బొటనవేలితో వెనకనుంచి పిండాల్సిందే. స్పీకర్లన్నీ జనం వైపు తిరిగి ఉన్నాయి. నేను వాయించేది నాకే వినపడదు. వినపడకపోతే మనిషి ఏం చేస్తాడండి? ఇంకా గట్టిగా మీటుతాడు. నేనూ అదే చేశాను. సముద్రం గాలికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. అయినా ఆరు గంటలు అలాగే మీటాను.

తెల్లారాక పంపు దగ్గర ఎడం చేత్తో బకెట్ ఎత్తబోయాను. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, సూదితో పొడిచినట్టయింది. బకెట్ జారిపోయింది. మా కీబోర్డు మాస్టారు చూశారు.

"ఏవిట్రా, చెయ్యి విదిలిస్తున్నావ్?"

"బొటనవేలి దగ్గర ఒకటే నెప్పి మాస్టారూ."

"సాధన చాల్లేదురా. వేళ్ళకి కాయలు కాస్తే అదే పోద్ది. ఎల్లుండి నాగాయలంకలో ప్రోగ్రాం ఉంది, మర్చిపోకు."

ఆయన మాట మీద గౌరవంతో ఇంకో రెండు నెలలు వాయించాను. నెప్పి ఎక్కువైనకొద్దీ, సాధన చాలట్లేదని పగలు కూడా వాయించాను. ఆ తర్వాత నాలుగు నెలలు అన్నం కలుపుకోవడానికి కుడిచెయ్యి, మిగతా అన్ని పనులకీ కూడా కుడిచెయ్యే. ఎడం చేత్తో చొక్కా బొత్తాం కూడా పెట్టుకోలేకపోయాను. మాస్టారు చెడ్డవారు కాదు. నా మీద ప్రేమ ఉన్న మనిషి. ఆయన గురువుగారు ఆయనకి చెప్పింది కూడా అదే మాట.

చాలా ఏళ్ళ తర్వాత నాకు ఒక ప్రశ్న వచ్చింది. సంగీతానికి ఇంత పేరున్న ప్రాంతంలో, గిటార్ పట్టుకున్న కుర్రాడికి చెయ్యి ఎలా పెట్టాలో చెప్పేవాళ్ళు ఒక్కరూ ఎందుకు లేకపోయారు? ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్నకి జవాబు వెతకడమే.

ఇక చరిత్ర.

మా దివిసీమలోనే, మోపిదేవి మండలంలో పెదకళ్ళేపల్లి ఉంది. అక్కడి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు త్యాగరాజస్వామి శిష్యపరంపరకి చెందినవారు. త్యాగరాజస్వామి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు, వారి శిష్యులు దక్షిణామూర్తి శాస్త్రిగారు. శాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. అంటే తంజావూరు సీమ నుంచి కృష్ణా డెల్టాకి ఒక పాఠం మనిషి నుంచి మనిషికి నడిచి వచ్చింది. పుస్తకంలోనో రికార్డులోనో కాదు, ఎదురుగా కూర్చుని నేర్చుకున్న పాఠం.

ఎదురుగా కూర్చోవడంలో ఉన్న లాభం ఏంటో చూడండి. సరళీ వరసలు మొదటి కాలంలో మొదలవుతాయి. అది కుదిరాకే రెండో కాలం, ఆ తర్వాతే మూడో కాలం. గాత్రానికైనా, వయొలిన్‌కైనా, వీణకైనా పద్ధతి ఇదే. సంగీతం కోసం పెట్టిన పద్ధతే కానీ, చేతికి కూడా అది మేలు చేసింది. కండరం మీద బరువు మెల్లగా, మెట్టు మెట్టుగా పెరుగుతుంది. శిష్యుడు భుజం బిగపట్టినా, మణికట్టు వంచినా ఎదురుగా ఉన్న గురువుగారి కంట్లో పడుతుంది. "చెయ్యి వదులు చెయ్యవయ్యా" అని ఒక్క మాట అంటే చాలు.

వీణనే తీసుకోండి. దానికి వాయించే తీగలు నాలుగు, పక్కన తాళానికీ శ్రుతికీ మూడు. బేస్ గిటార్‌కీ తీగలు నాలుగే. కానీ వీణ బరువు నేల మోస్తుంది, తొడ మోస్తుంది. మెడకీ భుజానికీ వేలాడదు. కచేరీకి ఎక్కడ కూర్చుంటారో సాధనకీ అలాగే కూర్చుంటారు, కాబట్టి చేతి కోణం మారదు. బేస్ అలా కాదు. ఇంట్లో మంచం మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుని సాధన చేస్తాం. స్టేజీ మీద నిలబడి మోకాళ్ళ దగ్గరికి వేలాడేసి వాయిస్తాం. ఒకే పాట, రెండు వేరువేరు మణికట్లు.

అలాగని పాతదంతా బంగారం అని నేను అనను. మన సంప్రదాయంలో నెప్పిని దాచుకోవడం కూడా ఉంది. వేళ్ళు పగిలి రక్తం వస్తున్నా మృదంగం ఆపలేదు అనేది మనకి పొగడ్త. వీణ వాయించేవాళ్ళ ఎడం చేతి వేళ్ళ మీద తీగ గాటు పడి కాయ కాస్తుంది, దాన్ని గర్వంగా చూపిస్తారు. అందులో తప్పేం లేదు. చర్మం మందమవడం మామూలే, అది చర్మం తనను తాను కాపాడుకోవడం. చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, చర్మానికి పనికొచ్చిన సూత్రాన్ని మణికట్టు లోపలికి కూడా పట్టించాం. వేలి చివర కాయ కాస్తుంది. మణికట్టు లోపల కాయ కాయదు. అక్కడ వాపు వస్తుంది.

ఈ డెల్టా సంగీతం సినిమాల్లోకి ఎలా వెళ్ళిందో మీకు తెలిసిందే. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాలగారు మద్రాసు వెళ్ళారు. పెదకళ్ళేపల్లి శాస్త్రిగారి మనవడు, ఆయన పేరే పెట్టుకున్న సుసర్ల దక్షిణామూర్తిగారు వయొలిన్ విద్వాంసులు. సినిమా సంగీత దర్శకులై 'నర్తనశాల'కి సంగీతం చేశారు. ఆ రోజుల్లో సినిమా ఆర్కెస్ట్రాలో కింది స్వరం కావాలంటే డబుల్ బేస్ ఉండేది. వయొలిన్‌కి పెద్దన్నయ్య లాంటిది, మనిషంత ఎత్తుంటుంది, నిలబెట్టి వాయిస్తారు. దాని తీగ మోగే పొడవు సుమారు 106 సెంటీమీటర్లు.

ఇప్పుడు మనం కాసేపు అమెరికా వెళ్ళాలి. ఎందుకంటే ఆ డబుల్ బేస్‌ని మెడలో వేసుకునే వాద్యంగా మార్చింది అక్కడే.

కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్ళో లియో ఫెండర్ అనే ఆయన రేడియోలు బాగుచేసే కొట్టు నడిపేవాడు. ఆయనకి గిటార్ వాయించడం రాదు. కానీ వాయించేవాళ్ళ కష్టాలు శ్రద్ధగా వినేవాడు. డబుల్ బేస్ వాళ్ళ కష్టాలు రెండు. ఒకటి, దాన్ని కారులోనో బస్సులోనో మొయ్యలేకపోతున్నారు. రెండు, డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో అది వినపడట్లేదు. 1951లో ఆయన ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. పలక లాంటి చెక్క, నాలుగు తీగలు, గిటార్‌కి ఉన్నట్టు మెట్లు, అంటే ఫ్రెట్లు. మెట్ల వల్ల స్వరం కచ్చితంగా పడుతుంది కాబట్టే ఆ పేరు. అంతకుముందు 1930లలోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ ఇలాంటిది చేశాడు కానీ అది జనంలోకి వెళ్ళలేదు. ఫెండర్‌ది వెళ్ళింది.

ఫెండర్ బేస్ తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు. డబుల్ బేస్ కంటే బాగా తక్కువ, అదొక ఉపకారం. కానీ మామూలు గిటార్ మీదనుంచి వచ్చినవాళ్ళకి అది ఎక్కువ. ఒక లెక్క చెప్తాను. మామూలు గిటార్ మీద మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకి దూరం పది సెంటీమీటర్లకి కొంచెం తక్కువ. బేస్ మీద అదే దూరం 13 సెంటీమీటర్లు. మెట్టుకో వేలు చొప్పున గిటార్ అలవాటు పట్టుకొచ్చి బేస్ మీద చాపితే చిటికెనవేలు, ఉంగరపువేలు చీలిపోతాయా అన్నట్టు లాగుతాయి. పైగా గిటార్ తీగ కంటే బేస్ తీగ బిగువు రెట్టింపు పైనే ఉంటుంది.

అసలు విషయం ఇక్కడుంది. డబుల్ బేస్ వాళ్ళకి ఒక గురుపరంపర ఉంది. 19వ శతాబ్దంలో వియన్నాలో ఫ్రాంజ్ సిమాండ్ల్ అనే ఆయన డబుల్ బేస్ పాఠాల పుస్తకం రాశాడు. ఇప్పటికీ వాడతారు. అందులో ఎడం చెయ్యి చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు వాడమంటాడు. ఉంగరపువేలు చిటికెనవేలికి తోడుగా ఉంటుంది, విడిగా పని చెయ్యదు. వేళ్ళు చాపొద్దు, చెయ్యినే జరపమంటాడు. ఈ పద్ధతి బేస్ గిటార్ మీద వాడితే కింది మెట్ల దగ్గర చెయ్యి చాపాల్సిన దూరం 13 నుంచి 9 సెంటీమీటర్లకి వచ్చేస్తుంది. పాఠం సిద్ధంగానే ఉంది. కానీ ఫెండర్ వాద్యాన్ని గిటార్‌లా చేశాడు కాబట్టి, డబుల్ బేస్ పాఠం దాంతోపాటు రాలేదు. గిటార్ వాళ్ళు దాన్ని గిటార్‌లాగే పట్టుకున్నారు. ఒక బరువు తీర్చడానికి పుట్టిన వాద్యం ఆ బరువుని వీపు మీదనుంచి తీసి మణికట్టు మీద పెట్టింది.

తర్వాత వచ్చిన గొప్పవాళ్ళు ఎవరి దారి వాళ్ళు వెతుక్కున్నారు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్ డబుల్ బేస్ నుంచి వచ్చినవాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే అంతా మీటేవాడు. ఆ వేలికి కొక్కెం అని పేరు. లావు తీగలు, అవి కూడా బాగా ఎత్తున. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్‌నీ 1961లో జర్మనీలో కొన్న హోఫ్నర్ బేస్ చూడటానికి వయొలిన్‌లా ఉంటుంది. తీగ పొడవు 76 సెంటీమీటర్లే, బరువు చాలా తక్కువ. లారీ గ్రాహమ్ వాళ్ళమ్మగారి బృందంలో వాయించేవాడు. డ్రమ్స్ వాయించే అతను వెళ్ళిపోతే, ఆ లోటు తీర్చడానికి బొటనవేలితో తీగని కొట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మనం స్లాప్ అంటున్న పద్ధతి అలా ఒక మనిషి తక్కువైనందువల్ల పుట్టింది.

వీళ్ళని చూసి మనం ఏం నేర్చుకున్నాం? శబ్దం నేర్చుకున్నాం. చెయ్యి చూడలేదు కదా. జేమర్సన్‌ది చూసి లావు తీగలు వేసుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ అతను అంతకుముందు ఎన్నేళ్ళు డబుల్ బేస్ మీద చెయ్యి తయారుచేసుకున్నాడో క్యాసెట్‌లో వినపడదు.

మళ్ళీ మన డెల్టాకి వద్దాం. 1970ల చివర, 80లలో మద్రాసు సినిమా పాటల్లో బేస్ గిటార్ ముందుకొచ్చింది. దక్షిణాదిలో దాన్ని పాటకి రెండో గొంతులా నడిపించినవారిలో ముందు చెప్పుకోవాల్సింది ఇళయరాజాగారి గురించి. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నవారు, స్వయంగా గిటార్ వాయిస్తారు. 1989లో 'గీతాంజలి', 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి'. రెండింటికీ పాటలు రాసింది ఎవరు? వేటూరి సుందరరామమూర్తిగారు. ఆయనదీ పెదకళ్ళేపల్లే! మాట మా ఊరి పక్కది, బాణీ మద్రాసుది. మా దివిసీమ ఆర్కెస్ట్రాలు ఆ పాటలు వాయించకపోతే జనం ఊరుకుంటారా?

ఆ పాటల్లో బేస్ ఒకచోట కూర్చోదు. నడుస్తూనే ఉంటుంది, గంతులేస్తుంది. స్టూడియోలో దాన్ని వాయించినవాళ్ళు నొటేషన్ చదువుతారు, మంచి వాద్యం ఉంటుంది, హెడ్‌ఫోన్‌లో తమ శబ్దం తాము వింటారు, ఒక పాట అయ్యాక ఆగుతారు. మేం ఏం చేశాం? టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, అరిగిపోయేదాకా విన్నాం. స్వరాలు పట్టుకున్నాం. అవే స్వరాలు వరసగా నలభై పాటలకి, ఆరు గంటలు, తెగిపోయే బెల్టుతో వాయించాం.

నా ప్రశ్నకి జవాబు ఇదీ. పెదకళ్ళేపల్లి పాఠం గురువు ఎదురుగా నేర్చుకున్నది. బేస్ గిటార్ పాఠం మాకు స్పీకర్‌లోంచి వచ్చింది. స్పీకర్ స్వరాన్ని ఇస్తుంది, చెయ్యి ఎలా పెట్టాలో ఇవ్వదు. సంప్రదాయంలోంచి మాకు అందింది ఒక్కటే మాట: "సాధన చెయ్యి, నెప్పి పోద్ది." ఆ మాట ముందు ఉండాల్సిన కూర్చునే తీరు, మొదటి కాలం, గురువుగారి చూపు అందలేదు.

పని వల్ల చెయ్యి పాడవటం కొత్త సంగతి కాదు. 1700లో ఇటలీలో బెర్నార్దినో రామజ్జీని అనే వైద్యుడు చేతిపనివాళ్ళ జబ్బుల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. పేషెంటు వస్తే నువ్వు ఏం పని చేస్తావని అడగమన్నాడు వైద్యుల్ని. 1713 కూర్పులో రాతపని చేసే గుమాస్తాల గురించి కూడా రాశాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఒకే తీరులో ఆపకుండా కదలడం, మనసు మీద ఒత్తిడి, ఈ మూడూ వాళ్ళ బాధకి కారణం అన్నాడు. మూడు వందల ఏళ్ళ కిందటి ఆ మాట మన పెడనలో కలంకారీ అచ్చు వేసే చేతికీ, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనిలో పట్టకారు పట్టే చేతికీ సరిపోతుంది. బేస్ పట్టిన చేతికీ సరిపోతుంది.

సంగీతంలో చూస్తే, 1830లలో జర్మనీలో రాబర్ట్ షూమన్ అనే పియానో కుర్రాడికి కుడిచేతి వేలు పట్టు తప్పింది. వేళ్ళకి బలం రావాలని ఏదో యంత్రం వాడాడు. దానివల్లే పాడైందా అన్నదాని మీద ఇప్పటికీ వాదన ఉంది. పియానో వాద్యకారుడు కావాలనుకున్నవాడు స్వరకర్త అయ్యాడు. 1960లలో అమెరికాలో లియాన్ ఫ్లీషర్ అనే మహా పియానిస్టుకి కుడిచేతి చివరి రెండు వేళ్ళు ముడుచుకుపోయాయి. కొన్ని దశాబ్దాలు ఎడంచేత్తో వాయించే సంగీతంతో బతికి, 1990లలో మళ్ళీ రెండు చేతులతో వాయించాడు. 1988లో అచ్చయిన ఒక సర్వేలో అమెరికాలోని 48 పెద్ద ఆర్కెస్ట్రాల వాద్యకారులు 2,212 మంది జవాబులిచ్చారు. వాళ్ళలో 76 శాతం మంది, వాయించడానికి బాగా అడ్డొచ్చిన శరీర బాధ కనీసం ఒకటైనా ఉందన్నారు. మంచి గురువులు, మంచి వాద్యాలు, మంచి జీతాలు ఉన్నవాళ్ళ సంగతి అది. కాబట్టి నెప్పి వచ్చినవాడు చేతకానివాడు కాదు. ముందు ఈ సిగ్గు వదిలించుకోవాలి.

ఇప్పుడు చేతి లోపల ఏముందో చూద్దాం. ఇదిగో, నా చెయ్యి చూడండి. మీరూ ఒకసారి ఎడం చెయ్యి చాపి, కుడిచేత్తో మోచెయ్యి కింద కండ పట్టుకోండి. ఇప్పుడు ఎడంచేతి వేళ్ళు ముడవండి. కదిలింది ఎక్కడ? మోచేతి కింద! వేళ్ళని గట్టిగా ముడిచే కండలు వేళ్ళలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడినుంచి తాళ్ళలా టెండాన్లు మణికట్టు దాటి వేళ్ళకి వస్తాయి. బళ్ళో స్నాయుబంధనాలు అని చదువుకున్నాం. వాడుకలో మనం అన్నిటినీ నరాలే అనేస్తాం.

అరచెయ్యి మొదట్లో ఎముకల మధ్య ఒక ఇరుకు సందు ఉంది. అందులోంచి తొమ్మిది టెండాన్లు, వాటితోపాటు ఒక అసలైన నరం వెళ్తాయి. మణికట్టు తిన్నగా ఉంటే తాళ్ళు సాఫీగా జారతాయి. మణికట్టు బాగా వంచి నొక్కితే ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది. చేపల పడవ మీద తాడుని అంచుకి రాపిడి పెట్టి లాగితే ఏమవుతుందో మా ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ నరం నలిగితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి, ముఖ్యంగా రాత్రిపూట. అదే కార్పల్ టన్నెల్ బాధ. చిటికెనవేలు తిమ్మిరి అయితే సంగతి వేరు. అది మోచేతి వెనక నుంచి వచ్చే ఇంకో నరం, మోచెయ్యి ఎక్కువసేపు మడిచి ఉంచితే నలుగుతుంది. బొటనవేలి మొదట్లో నెప్పికి స్విట్జర్లాండ్ సర్జన్ డి కెర్వాన్ పేరు పెట్టారు. 1895లో ఆయన దాని గురించి రాశాడు. అక్కడ రెండు టెండాన్లు ఒకే గొట్టంలోంచి వెళ్తాయి. బొటనవేలితో అదేపనిగా పిండితే ఆ గొట్టం మందమై బిగుసుకుంటుంది. నా ఎడం చేతికి వచ్చింది అదేనని చివరికి డాక్టరుగారు చెప్పారు. అంటే సాధన తక్కువై కాదండి, ఎక్కువై వచ్చిన నెప్పి.

నేను డాక్టర్ని కాను. నెప్పి వస్తే డాక్టర్ దగ్గరికే వెళ్ళండి. కానీ ఇన్నేళ్ళలో బేస్ వాయించేవాడిగా నేను తెలుసుకున్నవి కొన్ని చెప్తాను.

మొదటిది బెల్టు. మీ అరచెయ్యంత వెడల్పుది వేసుకోండి. పొడవు ఎంతంటే, కూర్చున్నప్పుడు గిటార్ ఎక్కడ ఉంటుందో నిలబడ్డప్పుడూ అక్కడే ఉండాలి. కిందికి వేలాడేస్తే ఫొటోలో బాగుంటుంది, మణికట్టు మాత్రం వంగిపోతుంది.

రెండోది తీగల ఎత్తు. గిటార్ బాగుచేసేవాళ్ళ దగ్గర ఎత్తు తగ్గించుకోండి, కొంచెం సన్న తీగలు వేసుకోండి. నొక్కేటప్పుడు మెట్టుకి ఆనుకుని, దాని వెనకే వేలు పెడితే సగం బలం చాలు. ఒక పరీక్ష చెప్తాను: బొటనవేలు వెనకనుంచి తీసేసి వాయించి చూడండి. చెయ్యి బరువుతోనే స్వరం పలికితే మీరు సరిగ్గా ఉన్నట్టు. బొటనవేలు ఊరికే ఆనడానికి, పిండటానికి కాదు.

మూడోది, కింది మెట్ల దగ్గర సిమాండ్ల్ పద్ధతి. వేళ్ళు చాపకండి, చెయ్యి జరపండి. చేతులు చిన్నవైతే పొట్టి బేస్ వాడండి. మెకార్ట్‌నీ వాడగా లేనిది మనం వాడితే నామోషీ ఏముంది?

నాలుగోది చాలామంది పట్టించుకోరు. శబ్దం. మీ యాంప్లిఫయర్ మీ చెవి వైపు తిప్పుకోండి, లేదా సౌండ్ అతన్ని ఒక మానిటర్ అడగండి. "కొంచెం నా బేస్ నాకు పంపించండి అన్నయ్యా" అంటే సరిపోతుంది. మీకు వినపడితే మీ కుడిచెయ్యి దానంతటదే మెత్తబడుతుంది. నా చెయ్యి పాడవడంలో సగం తప్పు ఆ రాత్రి నాకు నేను వినపడకపోవడానిదే.

అయిదోది మన ప్రాంతానికి ప్రత్యేకం. మనకి కచేరీల సీజన్ ఉంది. సంక్రాంతి నుంచి శ్రీరామనవమి దాకా ఊపిరాడదు. వానాకాలంలో పని ఉండదు. మూడు నెలలు ముట్టుకోని చెయ్యి ఒక్కసారి రాత్రంతా వాయిస్తే తట్టుకోదు. నెల ముందునుంచే రోజూ కొంచెం కొంచెం పెంచండి. పాతిక నిమిషాలు వాయిస్తే అయిదు నిమిషాలు ఆపండి. మన కుర్రాళ్ళు చాలామంది పగలు ఇంకో పని చేస్తారు. నాట్లు వేసిన చెయ్యి, వల లాగిన చెయ్యి, వందల కిలోమీటర్లు బండి నడిపిన చెయ్యి. రాత్రి గిటార్ పట్టేది కూడా ఆ చెయ్యే. చేతికి రెండు లెక్కలు ఉండవు, ఒకటే ఖాతా. స్టేజీ ఎక్కేముందు పది నిమిషాలు మెల్లగా, మొదటి కాలంలో వాయించండి. మాఘమాసం చలిలో అయితే చేతులు వెచ్చబడ్డాకే మొదలుపెట్టండి.

ఆఖరుది. నెప్పి వస్తే ఆగండి. కండ అలసిపోయిన నెప్పి తెల్లారేసరికి పోతుంది. సూదిలా పొడిచేది, తిమ్మిరెక్కేది, రాత్రి నిద్రలేపేది, మూడు రోజులైనా పోనిది సాధన వల్ల పోయే నెప్పి కాదు. తొందరగా ఆగితే వారాల్లో తగ్గేది, మొండికేస్తే నెలలు తీసుకుంటుంది.

నేర్పే మాస్టార్లకి ఒక్క మనవి. ఇప్పుడు పిల్లలు ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. మా క్యాసెట్ కంటే నయం, చెయ్యి కనపడుతుంది. కానీ ఆ ఫోన్ వీళ్ళ చెయ్యి చూడదు. ఆ చూపు మీరే ఇవ్వాలి. పాఠం అయ్యాక "బాగా వాయించావురా" అనేముందు "నెప్పేమన్నా ఉందా అబ్బాయ్?" అని అడగండి. పెదకళ్ళేపల్లి పరంపర నుంచి బేస్ గిటార్ దాకా రాకుండా దారిలో తప్పిపోయింది ఆ ఒక్క ప్రశ్నే అని నాకు అనిపిస్తుంది.

మా మాస్టారు ఇప్పుడు లేరు. చివరి రోజుల్లో ఆయన వేళ్ళు కూడా సరిగ్గా ముడుచుకునేవి కావు. కీబోర్డు మీద చెయ్యి పెట్టి మళ్ళీ తీసేసేవారు. ఒకసారి చూడ్డానికి వెళ్తే నా ఎడం చెయ్యి పట్టుకుని, బొటనవేలి మొదట్లో నొక్కి, "ఇంకా ఉందిరా?" అని అడిగారు. "లేదు మాస్టారూ, తగ్గింది" అన్నాను. "నాకు అప్పుడు తెలియదురా" అన్నారు. అంతకుమించి మేమిద్దరం దాని గురించి ఏమీ మాట్లాడుకోలేదు.

ఇప్పటికీ మాఘ పౌర్ణమికి నేను హంసలదీవి వెళ్తాను. దర్శనం చేసుకుని, కచేరీ ఏమన్నా ఉంటే స్టేజీ వెనక్కి వెళ్ళి బేస్ వాయించే కుర్రాణ్ణి పలకరిస్తాను. ముందు బెల్టు చూస్తాను, తర్వాత చెయ్యి చూస్తాను. నవ్వుతారు కొంతమంది. ఫరవాలేదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో తీగవాద్యం వాయించే పిల్లలు ఉంటే ఇది వినిపించండి. మళ్ళీ కలుద్దాం. సెలవు.